పైలట్ సంబంధం, మూడు నెలల సస్పెన్షన్

ప్రశ్న:

అన్నగారికి నమస్కారం. మాది గుణుపూర్, బట్టల కొట్టు. మాకొక అబ్బాయి, ఒక అమ్మాయి. అమ్మాయి బరంపురంలో ఎమ్మెస్సీ చేసి అక్కడే ఒక ప్రైవేట్ కాలేజీలో పాఠాలు చెబుతోంది. కిందటి శ్రావణంలో మంచి సంబంధం వచ్చింది. అబ్బాయి వాళ్లది పర్లాకిమిడి దగ్గర ఊరు, మనవాళ్లే. అతను ఒక విమాన కంపెనీలో కో-పైలట్. పిల్లలిద్దరూ ఒకరికొకరు నచ్చారు. నిశ్చయ తాంబూలాలు అయిపోయాయి, మాఘంలో పెళ్లి.

పదిహేను రోజుల కిందట మా బావమరిది ఒక సంగతి చెప్పాడు. అబ్బాయి పొద్దున్నే డ్యూటీకి వెళ్తే బీఏ టెస్ట్‌లో, అంటే గొట్టంలోకి ఊదించి చూసే పరీక్షలో, మందు తాగినట్టు వచ్చిందట. లైసెన్స్ మూడు నెలలు సస్పెండ్ చేశారట. వాళ్లు మాకు చెప్పనే లేదు. నేనే ఫోన్ చేసి అడిగితే వియ్యంకుడుగారు, "అబ్బే, మందు కాదండీ, పొద్దున్న మౌత్‌వాష్ పుక్కిలించాడు. మిషన్ దాన్నే పట్టుకుంది. రెండుసార్లు ఊదినా అదే చూపించింది. మిషన్ల సంగతి మీకు తెలియనిదేముంది" అన్నారు.

మా బావమరిది, "ఈ రోజుల్లో తాగనివాడెవడు బావా, మూడు నెలలు ఎంతలో గడుస్తాయి, మళ్లీ లక్షల్లో జీతం, చెడగొట్టుకోకు" అంటున్నాడు. మా అబ్బాయి మాత్రం మండిపడుతున్నాడు. "ఆటో నడిపేవాడు తాగి దొరికితే కోర్టుకి తిప్పుతారు, జైలంటారు. అంతమంది ప్రాణాలు చేతిలో పెట్టుకున్నవాడికి మూడు నెలలు ఇంట్లో కూర్చోవడం శిక్షా? వీళ్లని లోపలెయ్యాలి. ఆ ఇంటికి చెల్లిని పంపితే నేను పెళ్లికి రాను" అంటున్నాడు. మా ఆవిడ ఏడుస్తోంది. అమ్మాయికి ఇంకా చెప్పలేదు, టెన్షన్ పడుతుందని.

ఇంతకీ ఆ శిక్ష చిన్నదా, పెద్దదా? తాగి విమానం ఎక్కబోయినవాడికి అంతేనా? సంబంధం ఉంచుకోమంటారా, వదులుకోమంటారా? మీరు రైలింజన్ నడిపినవారు, ఇలాంటివి చూసి ఉంటారని రాస్తున్నాను.

ఒక తండ్రి, గుణుపూర్

జవాబు:

తమ్ముడుగారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతూ రెండు చోట్ల పెన్సిల్‌తో గీత గీశాను. మొదటిది మీ వియ్యంకుడుగారి మాట, "రెండుసార్లు ఊదినా అదే చూపించింది" అన్నారు చూడండి, అది. రెండోదాని సంగతి చివర్లో చెబుతాను.

నేను విమానం కాక్‌పిట్‌లోకి ఎప్పుడూ అడుగుపెట్టలేదు. ఇంజన్ డ్రైవర్‌గా, ఆ తర్వాత లోకో ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. కోరాపుట్, రాయగడ మధ్య ఘాట్‌లో గూడ్సు బండి దింపినవాణ్ని. డ్యూటీ ఎక్కే ముందు లాబీలో, అంటే డ్రైవర్లు సంతకం పెట్టే గదిలో, గొట్టంలోకి ఊదడం తెలుసు, పక్కన నిలబడి ఊదించడమూ తెలుసు. మిషన్ మోగినప్పుడు మనుషులు చెప్పే కథలు కూడా బాగా తెలుసు. దగ్గు మందు, హోమియో గుళికలు, రాత్రి తిన్న పులిసిన అట్టు... మౌత్‌వాష్ మాత్రం మా కాలంలో లేదు. మేం వేపపుల్లల బ్యాచి.

ఆ కథ ఎందుకు నిలవదో చెబుతాను. మౌత్‌వాష్ కొన్నింటిలో ఆల్కహాల్ ఉంటుంది, నిజమే. పుక్కిలించిన వెంటనే ఊదితే మిషన్ చూపిస్తుంది, అదీ నిజమే. కానీ ఆ ఆల్కహాల్ నోట్లో ఉన్నదే తప్ప రక్తంలోంచి ఊపిరితిత్తులకు వచ్చింది కాదు. పావుగంటలో పోతుంది. ఈ సంగతి తెలిసే డీజీసీఏ వాళ్లు, అంటే మన దేశంలో పైలట్ల లైసెన్సులు చూసే ఆఫీసు వాళ్లు, నిబంధన అలా రాశారు. మొదటిసారి పాజిటివ్ వస్తే వెంటనే తేల్చేయరు. పదిహేను ఇరవై నిమిషాలు ఆగుతారు. ఈలోపు మొహం కడుక్కుని నోరు పుక్కిలించుకోవచ్చు. రెండోసారి ఊదించే ముందు టెస్ట్ చేసే డాక్టరో పారామెడికలో తనే ఒకసారి ఊది మిషన్ సున్నా చూపిస్తోందో లేదో చూసుకోవాలి. అది 0.000 అని వచ్చాకే పైలట్ ఊదుతాడు. ఇదంతా కెమెరాలో రికార్డవుతుంది, రీడింగ్ ప్రింటు కూడా వస్తుంది.

కాబట్టి మౌత్‌వాషే అయితే రెండోసారికి సున్నా రావాలి. మిషన్‌దే తప్పయితే డాక్టరు ఊదినప్పుడే బయటపడాలి. రెండోసారి కూడా "అదే చూపించింది" అంటే అది ఒంట్లోంచి వచ్చిందే. మీ వియ్యంకుడుగారు కొడుకుని కాపాడబోయి తెలియకుండానే సాక్ష్యం మీ చేతిలో పెట్టారు. ఇంకో సంగతి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్, టూత్ జెల్ లాంటివి సిబ్బంది వాడకూడదని 2023లో సవరించిన నిబంధనల్లోనే ఉంది. ఆ మాట ఏ పైలట్‌కీ కొత్త కాదు.

అయితే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఈ మౌత్‌వాష్ మాట మీకు చెప్పింది తండ్రి. అబ్బాయి నోటి నుంచి మీరింకా ఏమీ వినలేదు. ఇంట్లో అతను నిజం చెప్పినా, బయటివాళ్లకి చెప్పడానికని పెద్దాయన ఈ కథ అల్లి ఉండవచ్చు. మన ఇళ్లల్లో అది మామూలే. అందుకే అబ్బాయి అబద్ధాలకోరని ఇప్పుడే అనేయను.

తాగుడు సంగతికి వద్దాం. "తాగి విమానం ఎక్కబోయినవాడు" అని రాశారు. ఆ మాట వినగానే మీ కళ్ల ముందు తూలుతూ నడిచే మనిషి కనపడుతున్నాడు కదా? అలాంటివాళ్లూ ఉన్నారు, వాళ్ల సంగతీ చెబుతాను. కానీ లాబీలో నేను పట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది తూలలేదు. పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకుని వచ్చినవాళ్లే. ఒకాయన నాకు బాగా గుర్తు. నాకంటే సీనియరు, బండి నడపడంలో వంక పెట్టలేం. పొద్దున్న ఏడింటికి సైన్ ఆన్, అంటే డ్యూటీ ఎక్కే సంతకం. ఊదితే మిషన్ మోగింది. ఆయన మొహం పాలిపోయింది. "రాత్రి పదిన్నరకే ఆపేశాను కదయ్యా" అన్నాడు. అబద్ధం కాదు. రైల్వేలో డ్యూటీకి ముందు ఎనిమిది గంటలు మద్యం ముట్టకూడదని రూలు. ఆయన ఎనిమిదిన్నర గంటల ముందే ఆపాడు. గడియారం చూసుకున్నాడు గానీ సీసా చూసుకోలేదు.

లెక్క ఇలా ఉంటుంది. మన దుకాణాల్లో దొరికే విస్కీ, బ్రాందీల మీద 42.8 శాతం అని ఉంటుంది. ఒక క్వార్టర్, అంటే 180 మిల్లీలీటర్లలో, అసలు ఆల్కహాల్ సుమారు 60 గ్రాములు. మామూలు మనిషి ఒళ్లు గంటకు ఏడెనిమిది గ్రాములు మించి ఖర్చు చేయలేదు. కాబట్టి క్వార్టర్ దిగాలంటే ఎనిమిది గంటలు పైనే. హాఫ్ కొట్టినవాడికి పదహారు, పదిహేడు గంటలు. నిద్రపోయినా అంతే, మెలకువగా ఉన్నా అంతే. కాఫీ, నిమ్మకాయ నీళ్లు, చన్నీళ్ల స్నానం, మజ్జిగ... మనిషిని కాస్త తేటపరుస్తాయి, రక్తంలో ఉన్నదాన్ని ఒక్క గ్రాము కూడా తగ్గించవు. జీలుగు కల్లు, ఇప్పసారా తాగేవాళ్లయితే ఎంత ఘాటుదో వాళ్లకే తెలియదు, ఇక లెక్కేముంది.

పైలట్లకు మాకంటే గట్టి రూలు. డ్యూటీకి 12 గంటల ముందు నుంచి ముట్టకూడదు. ముట్టకపోయినా, ఊదినప్పుడు సున్నా రావాలి. రెండూ పాటించాలి. రాత్రి స్నేహితుడి పెళ్లిలో హాఫ్ తాగి మర్నాడు మధ్యాహ్నం డ్యూటీకి వచ్చినవాడు 12 గంటల రూలు పాటించి కూడా సున్నా దగ్గర దొరికిపోతాడు. కాబట్టి మీ కాబోయే అల్లుడు తాగుబోతే అయి ఉండాలని లేదు. లెక్క తప్పినవాడు అయి ఉండవచ్చు. నేను వెనకేసుకు రావడం లేదు, లెక్క తప్పడం కూడా తప్పే. ఇంధనం లెక్క చూసుకోవలసిన మనిషి తన ఒంట్లోది చూసుకోలేదంటే ఎలా? కానీ ఈ రెండు రకాల మనుషులకూ మీరు ఒకే జవాబు ఇవ్వకూడదు.

ఆ తేడా మీకు తెలియాలంటే రీడింగ్ ఎంతో తెలియాలి. మన నిబంధనలో నాకు నచ్చనిది అదే. సున్నా దాటి కాస్త వచ్చినా, బాగా ఎక్కువ వచ్చినా, మొదటిసారి శిక్ష ఒకటే: మూడు నెలల సస్పెన్షన్. రెండోసారి దొరికితే మూడేళ్లు. మూడోసారి లైసెన్స్ రద్దు. అంచెలు బాగానే ఉన్నాయి, అవి ఎన్నిసార్లో చెబుతాయి, ఎంతో చెప్పవు.

ఇక మీ అబ్బాయి కోపం. ఆ కుర్రాడి మాటలో న్యాయం ఉంది, అందుకే దాన్ని ఊరికే కొట్టేయలేను. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఆటో డ్రైవరుకీ కారు ఓనరుకీ అదే. పైలట్ల నిబంధనలో మొదటిసారికి జైలు మాటే లేదు. పైకి చూస్తే మీవాడన్నట్టే కనిపిస్తుంది. కానీ ఆటో అతను 25 మిల్లీగ్రాములతో దర్జాగా బండి నడుపుకోవచ్చు, చట్టం ఏమీ అనదు. పైలట్‌కి ఆ పాతిక ఉంటే కాక్‌పిట్ తలుపు కూడా తాకనివ్వరు. రోడ్డు మీద శిక్ష తాగి నడిపినందుకు. విమానాశ్రయంలో ఆ మూడు నెలల శిక్ష నడపబోయినందుకు, ఇంకా నడపకముందే. తూకంలో ఈ తేడా కూడా వేసుకోవాలి.

బ్రిటన్‌లో అయితే మీవాడు కోరినట్టే ఉంది. అక్కడ 2003లో చేసిన చట్టం ప్రకారం పైలట్ రక్తంలో 20 మిల్లీగ్రాములు దాటితే క్రిమినల్ కేసు, రెండేళ్ల వరకు జైలు. 2018 అక్టోబరులో జపాన్ ఎయిర్‌లైన్స్ కో-పైలట్ ఒకతను లండన్‌లో టోక్యో విమానం ఎక్కబోతూ దొరికాడు. రక్తంలో 189 మిల్లీగ్రాములు, అంటే హద్దుకు తొమ్మిది రెట్లు దాటి. పది నెలలు జైలు వేశారు. అంత రీడింగ్ ఉన్నవాణ్ని జైల్లో పెట్టడం నాకు సమ్మతమే, మొహమాటం లేకుండా చెబుతున్నాను. అతన్ని పట్టించిందెవరో తెలుసా? సిబ్బందిని విమానం దగ్గరికి తీసుకెళ్లే బస్సు డ్రైవరు. వాసన వచ్చి, చెప్పాడు. అక్కడివాళ్లు విన్నారు.

వినకపోతే ఏమవుతుందో కూడా జపాన్ ఎయిర్‌లైన్స్ చరిత్రలోనే ఉంది. 1977 జనవరి 13న అమెరికాలోని ఆంకరేజ్ నుంచి పశువులను ఎక్కించుకుని టోక్యో వెళ్లాల్సిన సరుకు విమానం ఎగిరిన వెంటనే కూలింది. సిబ్బంది ముగ్గురూ, పశువుల వెంట వెళ్తున్న ఇద్దరూ, మొత్తం ఐదుగురూ పోయారు. కెప్టెన్ బాగా తాగి ఉన్నాడు. ఆ రాత్రి వాళ్లను దింపిన టాక్సీ డ్రైవరు మనిషి తీరు చూసి అనుమానపడి ఆ మాట తన ఆఫీసుకు చెప్పాడు కూడా. కబురు ఎక్కడో ఆగిపోయింది. పక్క సీట్లో కూర్చున్నవాళ్లు, అంత దగ్గర ఉన్నవాళ్లు, ఆపలేదు. కెప్టెన్ పెద్దవాడు, మనకెందుకు అనుకున్నారేమో.

రష్యాలో 2008 సెప్టెంబరులో పెర్మ్ నగరం దగ్గర ఏరోఫ్లోట్ విమానం కూలి 88 మంది చనిపోయారు. ఆ కెప్టెన్ రక్తంలోనూ ఆల్కహాల్ తేలింది. అయితే అక్కడ అదొక్కటే కారణం కాదు, సిబ్బందికి ఆ రకం విమానం మీద పట్టు చాలలేదు, అలసట కూడా ఉంది. ఈ రెండూ చదివాక నాకు ఆ కెప్టెన్ల మీద కంటే పక్కవాళ్ల మీద ఎక్కువ ఆలోచన పోయింది.

ఎందుకంటే నేనూ ఒకప్పుడు అలాంటి పక్కవాణ్నే. మా లాబీలో కొత్తగా చేరిన అసిస్టెంట్ డ్రైవర్ ఒకడు ఉండేవాడు. ఒక తెల్లవారుజామున కాల్ బాయ్, అంటే డ్యూటీకి పిలవడానికి ఇళ్లకు వెళ్లేవాడు, పుస్తకం పట్టుకుని వాడి ఇంటికి వెళ్తే సంతకం పెట్టలేదు. "రాత్రి మా మావయ్య కొడుకు పెళ్లిలో తాగానండి, ఇవాళ రాలేను, అదే రాసుకోండి" అని పంపించేశాడు. కంట్రోలరు బూతులు తిట్టి ఇంకొకరిని లేపించాడు. ఆ తర్వాత నెల్లాళ్లు వాడు కనపడితే చాలు, రన్నింగ్ రూమ్‌లో, అంటే డ్రైవర్లు విశ్రాంతి తీసుకునే చోట, అందరం "ఏం పెళ్లికొడుకా" అని ఆటపట్టించాం. నేనూ నవ్వాను. అదే రోజుల్లో ఏలకులు నములుతూ, మొహం పక్కకి తిప్పి సంతకం పెట్టి బండెక్కిన మొనగాళ్లు ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్లు. అప్పటికింకా మిషన్లు రాలేదు, నోరు వాసన చూడటమే. వాళ్లని ఎవరూ ఆటపట్టించలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ పిల్లాడొక్కడే ఆ రోజు ఉద్యోగం సరిగ్గా చేసినవాడు.

ఈ గొడవంతా విన్నాక మీరు అడిగినదానికి నా జవాబు ఇది. మూడు నెలల శిక్ష మీ బావమరిది అనుకున్నంత చిన్నది కాదు. జీతం మాట అటుంచండి, రికార్డులో ఆ మరక ఉండిపోతుంది. ఇంకో కంపెనీకి వెళ్లినా అడుగుతారు. ఇంకొక్కసారి జారితే మూడేళ్లు, అంటే నేర్చుకున్న చెయ్యి తుప్పు పట్టేంత కాలం. పెద్ద హోదా ఉన్నా తప్పదు. 2018 నవంబరులో ఎయిర్ ఇండియాలో ఆపరేషన్స్ డైరెక్టరు, పైలట్లందరి మీదా అధికారి, ఢిల్లీ నుంచి లండన్ విమానం నడపడానికి వచ్చి టెస్ట్‌లో దొరికాడు. ఆయనకది రెండోసారి. లైసెన్స్ మూడేళ్లు సస్పెండ్ చేశారు. ఆ వార్త చదివి మా పాత డ్రైవర్లం సంతోషించాం, దాచుకోవడం దేనికి. కింది ఉద్యోగికి ఒకలా, పై అధికారికి ఒకలా లేదని.

కానీ మొదటి తప్పుకే జైలని మీ అబ్బాయి అన్నట్టు పెడితే ఏమవుతుంది? రీడింగ్ మరీ ఎక్కువ ఉన్నవాడి సంగతి వేరు, చెప్పాను. మిగతావాళ్లంతా దాయడం నేర్చుకుంటారు. పక్కవాడు చూసినా నోరు విప్పడు, "పాపం, పెళ్లాం పిల్లలున్నవాడు, జైలుకెళ్తాడు" అనుకుంటాడు. తాగుడుకు బానిసైనవాడు డాక్టరు గడప తొక్కడు. అమెరికాలో 1974 నుంచి హిమ్స్ అని ఒక ఏర్పాటుంది. తాగుడు వ్యసనం ఉన్న పైలట్ ముందుకొస్తే చికిత్స చేయించి, ఏళ్ల తరబడి పరీక్షలు పెడుతూ, మళ్లీ కాక్‌పిట్‌కి పంపుతారు. అలాగని అక్కడ జైలు లేదనుకోకండి. 1990 మార్చిలో నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ పైలట్లు ముగ్గురు ముందురోజు రాత్రి పీకలదాకా తాగి, పొద్దున్నే ఫార్గో నుంచి మినియాపొలిస్‌కి ప్రయాణికులతో బోయింగ్ 727 నడిపారు. దిగగానే అరెస్టు చేశారు. కెప్టెన్ పేరు లైల్ ప్రౌస్. ఆయనకు 16 నెలల శిక్ష పడింది. ఉద్యోగం, లైసెన్సులు అన్నీ పోయాయి. ఆయన తాగుడు మానే చికిత్సలో చేరి, జైలు నుంచి వచ్చాక లైసెన్సులు అడుగునుంచి మళ్లీ ఒక్కొక్కటే సంపాదించుకున్నాడు. చివరికి అదే కంపెనీ తీసుకుంది. 747 కెప్టెన్‌గా 1998లో రిటైరయ్యాడు. 2001 జనవరిలో అధ్యక్షుడు క్లింటన్ క్షమాభిక్ష ఇచ్చాడు. జైలూ ఉంది, తిరిగొచ్చే దారీ ఉంది. రెండూ ఉన్నచోటే ఆ మనిషి నిలబడ్డాడు.

మీ బావమరిది "తాగనివాడెవడు" అన్న మాటకు పెద్దగా చెప్పేదేమీ లేదు. తాగనివాళ్లు చాలామంది ఉన్నారు, ఆయన వాళ్లతో తిరగడం లేదు, అంతే. తాగే పైలట్లు కూడా ఉన్నారు, మర్నాడు డ్యూటీ ఉంటే గ్లాసు ముట్టరు. సమస్య తాగడం దగ్గర లేదు.

సరే, ఏం చేయాలి? ముందు వియ్యంకుడుగారితో ఫోన్‌లో వాదించకండి. ఆయన్ని అబద్ధమాడారని నిలదీస్తే ఇంకో కథ చెబుతారు, మాటకు మాట పెరుగుతుంది. అబ్బాయితోనే మాట్లాడాలి. పెద్దల పంచాయితీలో కాదు, పదిమంది కూర్చున్న హాల్లో ఎవడూ నిజం చెప్పడు. పర్లాకిమిడి నుంచి గుణుపూర్ ఎంత దూరం, రైలుంది కదా. (మహారాజావారి చిన్న రైలు రోజుల్లో అయితే నడిచి ముందెళ్లి కూర్చుని ఉండొచ్చు అనేవాళ్లు. ఇప్పుడు పెద్ద లైనే.) ఎలాగూ డ్యూటీ లేదు, రమ్మనండి.

వచ్చాక "మందు తాగావా, మౌత్‌వాషా" అని అడగకండి. అలా అడిగితే తండ్రి మాట నిలబెట్టడానికి రెండోదే అంటాడు. "ఆ ముందురోజు రాత్రి ఏం జరిగింది బాబూ" అని అడిగి ఊరుకోండి. మధ్యలో మీరు మాట అందించకండి. రీడింగ్ ఎంత వచ్చిందో చెప్పమనండి. ఆ అంకె అతనికి తెలియకపోవడం ఉండదు, పైలట్ ఆ అంకెను జన్మలో మర్చిపోడు. ఇంతకుముందు ఎప్పుడైనా అనుమానంగా అనిపించి, ఒంట్లో బాగాలేదని డ్యూటీ మానుకున్నాడేమో అడగండి. కంపెనీల్లో స్టాండ్‌బై పైలట్లు ఉండేది అందుకే. అలా మానుకున్నానని చెబితే అది మంచి గుర్తు. ఈ మూడు నెలలు ఏం చేస్తున్నాడో కూడా చూడండి. డాక్టరుకు చూపించుకున్నాడా, తాగడం ఆపాడా, లేక ఇంటికి ఫ్రెండ్స్‌ని పిలిచి సస్పెన్షన్ పార్టీ చేసుకుంటున్నాడా.

"తాగానండి, లెక్క తప్పాను, మీకు చెప్పడానికి మొహం చెల్లలేదు" అంటే, తమ్ముడుగారూ, నేనైతే ఆ సంబంధం వదులుకోను. మాఘం కాకపోతే వైశాఖం, డ్యూటీలో మళ్లీ చేరి కొన్నాళ్లు గడిచాక ముహూర్తం పెట్టుకోమంటాను. రీడింగ్ ఎక్కువగా ఉండి, రోజూ తాగే అలవాటుందని తేలితే పెళ్లి ఆపి ముందు చికిత్స మాట మాట్లాడండి. పెళ్లయితే అదే మానేస్తాడని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ మాట విని పెళ్లి చేసుకుని బతుకంతా ఏడ్చిన ఆడపిల్లలు మన రైల్వే కాలనీల్లోనే వరసగా ఉన్నారు. ఇక అబ్బాయి కూడా మీ కళ్లలోకి చూస్తూ మౌత్‌వాష్ అనే అంటే, అప్పుడు మాత్రం తాంబూలాలు తిరిగిచ్చేయండి. తాగినందుకు కాదు. ఊదిన మిషన్‌కి, పక్కన నిలబడ్డ డాక్టరుకి, కెమెరాకి అందరికీ తెలిసిన సంగతి మీకొక్కరికి తెలియదనుకుంటున్నందుకు.

ఇప్పుడు రెండో గీత. "అమ్మాయికి ఇంకా చెప్పలేదు, టెన్షన్ పడుతుందని."

ఉత్తరం మొత్తంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఈ వాక్యమే. వాళ్లు మీ దగ్గర దాచారని కోపంగా ఉన్నారు. మీరు చేస్తున్నది ఏమిటి? కొట్లో కూర్చున్న బావమరిదికి తెలుసు, వాళ్లన్నయ్యకు తెలుసు, ఊరూపేరూ చూడని నాకూ తెలుసు. కాపురం చేయాల్సిన పిల్లకు తెలియదు. ఎమ్మెస్సీ చదివి కాలేజీలో పాఠాలు చెప్పే పిల్ల, ఈ క్వార్టర్ లెక్క నాకంటే చప్పున కట్టగలదు. పైగా ఈ పాటికి వాళ్లిద్దరూ రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటూనే ఉండి ఉంటారు. అతను తనంతట తానే ఆమెకు ఎప్పుడో చెప్పేసి ఉండవచ్చు, మీరు బాధపడతారని ఆమే మీ దగ్గర దాస్తూ ఉండవచ్చు. అదే జరిగి ఉంటే మీ ప్రశ్నలో సగానికి జవాబు దొరికినట్టే. చెప్పకుండా ఉంటే, ఆ సంగతి ముందు తెలియాల్సింది ఆమెకే.

కాబట్టి అబ్బాయిని పిలిపించడానికి ముందు మీరు బరంపురం వెళ్లండి. ఫోన్‌లో చెప్పే సంగతి కాదు. మీ ఆవిడని కూడా తీసుకెళ్లండి, మీ అబ్బాయిని మాత్రం ఇంట్లో వదిలి వెళ్లండి, వాడు మధ్యలో అరుస్తాడు. వియ్యంకుడుగారు చెప్పింది చెప్పినట్టు, ఆ "రెండుసార్లు" తో సహా ఆమెకు చెప్పండి. అబ్బాయి వచ్చినప్పుడు అడగాల్సినవి ఆమెనే అడగనివ్వండి, మీరు పక్కగదిలో కూర్చున్నా ఫరవాలేదు. కార్డులు ప్రింటుకి ఇచ్చి ఉంటే ప్రెస్‌వాడికి ఇవాళే ఫోన్ చేసి ఆపమనండి. ఏం జరిగిందో నాకు మళ్లీ రాయండి.